ఈగ ముట్టని పువ్వు

జూన్ 6

చిన్నదానికి అక్క ఆశీస్సులు.

నిన్న పొద్దున ఎలా గడిచిందో రాయమన్నావు. మామూలు పొద్దునే. విశేషం ఏమీ లేదు. అదే నా బాధ.

చీకటి ఉండగానే లేచాను. చప్పుడు కాకుండా తలుపు తీశాను. తమ్ముడు ఉరిమినా లేవడు. మరదలు మాత్రం లేస్తుంది, లేచి లేవనట్టు పడుకుంటుంది. ఇద్దరికీ ఇబ్బంది. స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకొని, బుట్ట పట్టుకొని నీళ్ళ ట్యాంకు వెనక మన తోటకు వెళ్ళాను. చెప్పులు గేటు దగ్గర విడిచాను. గడ్డి తడిగా ఉంది. గుమ్మడి పూలు అప్పుడే విచ్చుకుంటున్నాయి.

అమ్మ నేర్పినట్టే కోశాను. ఈగ ముట్టకముందు, ఎంగిలి పడకముందు. బంతి, మందారం, దోస, చిక్కుడు, దేన్నీ చిన్నచూపు చూడలేదు. గుమ్మడిలో మాత్రం అడుగున పిందె ఉన్న పువ్వు జోలికి పోను. కడుపుతో ఉన్నదాన్ని కోసుకెళితే దేవుడు నా గురించి ఏమనుకుంటాడు? ఉత్త పూలే కోస్తాను. అవి పొడుగు కాడల మీద నిటారుగా నిలబడి ఉంటాయి, పనీ పాటా లేని మగవాళ్ళలా.

బుట్ట నిండింది. ఇంటికొచ్చి పూజ చేసుకున్నాను. దేవుడి గది అంటున్నాం గానీ అది వంటింటి కిటికీ పక్కన అలమర అని నీకు తెలుసు. గది అనడం మన మర్యాద. పూజ అయ్యేసరికి తెల్లగా తెల్లారింది. కాఫీ గ్లాసుతో మళ్ళీ తోటకు వెళ్ళి బకెట్టు బోర్లించుకొని కూర్చున్నాను. డ్రైవరు గారు అప్పటికే పైపు పట్టుకొని ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ బస్సుకు హారన్ కొట్టిన మనిషి, రిటైరయ్యాక మా మీద కొడుతున్నారు.

ఎంతసేపు కూర్చున్నా ఒక్క తేనెటీగ రాలేదు. సీతాకోకచిలుక ఒకటి వచ్చింది, నన్ను చూసి గోడ దాటి వెళ్ళిపోయింది. గుమ్మడి పిందెలన్నీ పచ్చబడి రాలుతున్నాయి. వేలు తగిలితే ఊడి వస్తున్నాయి. కాసేపు చూసి, ప్రెస్సుకు వెళ్ళి పొద్దుపోయేదాకా పుస్తకాలు కుట్టాను.

ఇక దరఖాస్తు సంగతి. ట్యాంకు వెనక జాగా టౌను ఆఫీసుది. వీధి వాళ్ళం సాగు చేసుకుంటుంటే ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఇప్పుడు కంచె వేసి, నీళ్ళ కనెక్షను తీసుకొని, కౌలు కడితేనే తోటగా ఉంచుతారట. లేకపోతే వానలు తగ్గగానే సిమెంటు పోసి కార్లు నిలుపుతారట. మా వీధిలో కారు ఉన్నది పళ్ళ డాక్టరుకు ఒక్కడికే. ఆయన కారు సంగతి దేవుడు చూసుకుంటాడు. నాకు తోట కావాలి. ప్రెస్సు నుంచి వచ్చాక నాకు ఉన్నది అదే.

మీ ఆఫీసు తేనెటీగలను పోషించే తోటలకు డబ్బు ఇస్తుందని నువ్వు పంపిన కాగితం నింపాను. 'మీ తోటకు వచ్చే పరాగ సంపర్క జీవులు' అన్న చోట ఆగిపోయాను. పరాగ సంపర్కం అంటే ఏమిటని డ్రైవరు గారిని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆయన వివరించినంతసేపూ నేను చిక్కుడు పందిరి వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ గడిలో 'ఎవరూ రావడం లేదు' అని రాశాను. పంపమంటావా, ఆగమంటావా?

అక్క


జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పకూడదని ప్రతిసారీ అనుకుంటాను, ప్రతిసారీ ఇక్కడే విప్పుతాను. పనీ పాటా లేని మగవాళ్ళ లైను మా డెస్కు దగ్గర అందరికీ చదివి వినిపించాను. నవ్వింది ఆడవాళ్ళం. మగవాళ్ళు లేచి పనికి వెళ్ళారు.

ఆగు. పంపకు. డబ్బు అడిగేవాళ్ళు 'నా దగ్గర ఏమీ లేదు' అనరమ్మా, 'ఉంది, ఇంకొంచెం కావాలి' అంటారు. ఇక్కడ కూర్చొని రోజూ చూస్తున్నాను కదా. ఆ గడిలో నిజం రాయకు, అబద్ధమూ రాయకు. 'గమనిస్తున్నాం' అని రాయి. మాకొచ్చే దరఖాస్తుల్లో సగం మంది గమనిస్తూనే ఉంటారు.

మా ఆఫీసు గురించి నీకు భయం అక్కర్లేదు. తేనెటీగల కోసం నిధి నడిపే మా పెద్దసారు, కిటికీలో ఒక్క ఈగ కనిపిస్తే ఫైలు అడ్డం పెట్టుకొని బల్ల కిందికి వంగుతాడు. ఆయన పుణ్యమా అని ఎంపిక అంతా పురుగుల మేడం చేతుల్లో ఉంది. ఆమె అసలు పేరు ఎవరూ పిలవరు. తోటకొచ్చి, ఒక పొద్దున అక్కడే కూర్చొని, ఏ పువ్వు మీద ఏది వాలిందో రాసుకెళుతుంది. ఆమె రాసిందే వేదం.

నాకేమనిపిస్తోందంటే, మీ తోటలో ఎవడో పురుగుల మందు కొడుతున్నాడు. తేనెటీగలు ఊరికే అలగవు, అవి మన చుట్టాలు కావు. కనుక్కో. నీ పద్ధతిలో కాదు, నెమ్మదిగా. అంతకీ రాకపోతే అద్దెకు తెప్పించండి, పెళ్ళికి కుర్చీలు తెప్పించినట్టు.

ఫోన్ చేయొచ్చు కదా అని వదిన అంటోందట. నువ్వు ఫోనులో 'ఊఁ' తప్ప ఏమీ అనవు. ఉత్తరంలో అయితే కనీసం తిట్టినా పూర్తిగా తిడతావు.

నీ చిన్నది


జూన్ 25

చిన్నదానికి,

క్షేమం. కనుక్కున్నాను. నెమ్మదిగానే అడిగాను.

డ్రైవరు గారి దగ్గరకు వెళ్ళి, "మందు మీరే కొడుతున్నారా?" అన్నాను. వెనకా ముందూ ఏమీ చేర్చలేదు. ఆయన పైపు వంక చూశారు, నా చేతిలో బుట్ట వంక చూశారు. "కోడిపిల్ల అడ్డమొస్తే బస్సు ఆపినవాడినండీ నేను," అన్నారు. ఇంకేదో అనబోయి నోరు మూసుకున్నారు. పైపు కింద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచీ నీళ్ళు నేనే పెడుతున్నాను. ఆయన గేటు అవతల కుర్చీ వేసుకొని కూర్చొని, నేను పైపు తప్పుగా పట్టుకున్నప్పుడల్లా దగ్గుతున్నారు.

నీ ఉత్తరం తమ్ముడు చదివాడు. అద్దె మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాడు. తాళాల పనివాడు కదా, తాళాలు విప్పడం తెలుసు గానీ పరాచికం విప్పడం రాదు. మర్నాడు స్కూటరు వెనక తేనెటీగల పెట్టె కట్టుకొని వచ్చాడు. దారిలో జనం జరిగి దారి ఇచ్చారట, మంత్రి వస్తున్నట్టు. పెట్టెను తోట మధ్యలో పెట్టి మూత తీశాం. ఈగలు బయటికి వచ్చాయి. తోట అంతా ఒకసారి తిరిగి చూశాయి. మధ్యాహ్నానికల్లా మూకుమ్మడిగా మూల మీద జ్యూసు షాపుకు వెళ్ళిపోయాయి. సాయంత్రం షాపతను వచ్చి, "మీ వాళ్ళు మా దగ్గరున్నారు, వచ్చి తీసుకెళ్ళండి," అన్నాడు, తప్పిపోయిన పిల్లల గురించి చెప్పినట్టు.

తీసుకొచ్చేటప్పుడు ఒకటి మరదలి చేతి మీద కుట్టింది. ల్యాబులో రోజూ అందరి రక్తం తీసే చెయ్యే. ఈగలకు న్యాయం తెలుసు అన్నాను. వాచిన చేత్తో రెండు రోజులు నాకు కాఫీ ఇవ్వలేదు. మూడో రోజు ఇస్తూ, "వదినా, పొద్దున్నే ఆ పూలు..." అని మొదలుపెట్టింది. "పూలు ఏమిటి?" అన్నాను. "ఏమీ లేదు, బాగున్నాయి," అంది. ఈ ఇంట్లో ఎవరూ మాట పూర్తి చేయడం లేదు.

పెట్టె తిరిగి ఇచ్చేశాం.

మరదలి ల్యాబులో మన పాత అద్దింటి పక్కింటావిడ కనిపించింది. గోడ అవతల మందార చెట్టు ఉండేది, ఆవిడే. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటోంది. కళ్ళు సరిగా ఆనడం లేదు గానీ నోరు బాగుంది. తన మందారాలు ఏళ్ళ తరబడి ఎవరో తెల్లారకముందే కోసుకుపోయారట, ఆ దొంగముండ ఎవరో చచ్చేలోపు తెలిస్తే చాలట. పాపం అన్నాను.

దరఖాస్తు పంపాను. 'గమనిస్తున్నాం' అని రాశాను. గమనిస్తున్నది నిజమే కాబట్టి ఒప్పుకున్నాను.

అక్క


జూలై 3

అక్కకు నమస్కారం పెట్టి మొదలుపెడుతున్నాను, తిట్టబోతున్నాను కాబట్టి.

అదా నెమ్మదిగా అడగడం? నువ్వు నెమ్మదిగా అడిగితే పోలీసులు కూడా ఒప్పుకుంటారు. ముందు వెళ్ళి డ్రైవరు గారితో సర్దుకో. అన్నయ్య సంగతి నా తప్పే. 'ఇది హాస్యం' అని పక్కన రాయాల్సింది.

మంచి కబురు. మీ దరఖాస్తు మొదటి వడపోత దాటింది. పెద్దసారు 'గమనిస్తున్నాం' చదివి, 'చాలా సంయమనం ఉన్న మనుషులు' అన్నాడు. నేను టీ కప్పులోకి నవ్వుకున్నాను. పురుగుల మేడం పద్నాలుగున పొద్దున్నే వస్తుంది. ఆమె ఒప్పుకుంటే కంచె, కనెక్షను, ఐదేళ్ళ కౌలు అన్నీ మేమే ఇస్తాం. ఒప్పుకోకపోతే పళ్ళ డాక్టరు కారుకు నీడ దొరికినట్టే. ఇంకో విడత లేదు, ఈ ఏటికి ఇదే.

ఆమె వచ్చినప్పుడు చేయాల్సింది ఏమీ లేదు, పూలు ఉండాలి, ఈగలు రావాలి. అంతే.

పక్కింటావిడ మాటలు పట్టించుకోకు. పెద్దవయసులో ఏవేవో అంటారు. ఆ మాట మళ్ళీ ఎత్తకు కూడా.

చేయగలిగినవన్నీ చేశాం. ఇక మిగిలింది నీ దేవుడే. ఆయనకు రోజూ వినిపించేటట్టు కాదు, ఆ రోజు ఇంకాస్త ఎక్కువ పూలు పెట్టి గట్టిగా అడుగు.

చిన్నది


జూలై 15

చిన్నదానికి,

నువ్వు చెప్పినట్టే చేశాను.

నిన్న ఇంకా ముందే లేచాను. ఇంకాస్త ఎక్కువ అన్నావు కదా. రోజూలాగే అందరి మడుల్లోనూ కోశాను, రోజూ అందక వదిలేసేవి కూడా. మంగలి మడిలో పొద్దుతిరుగుడు కూడా వదల్లేదు. అది నా తలకాయంత ఉంది. రెండు బుట్టలయ్యాయి. అలమర నిండిపోయి, దేవుడు కనిపించక, ఎక్కడున్నాడో చేత్తో తడిమి చూసుకొని దణ్ణం పెట్టాను. గట్టిగా అడిగాను.

తెల్లారాక పురుగుల మేడం వచ్చింది. సన్నగా ఉంటుంది, మెడలో భూతద్దం. వీధి వాళ్ళంతా ఇస్త్రీ బట్టలు వేసుకొని తోటలో నిలబడ్డారు. నా బకెట్టు బోర్లించి ఆమెకు వేశాను. కూర్చుంది. అటు చూసింది, ఇటు చూసింది. తోట నిండా ఆకులు, వాటి చాటున నేను వదిలిన ఒకటీ రెండూ పిందె పూలు. కాసేపయ్యాక, "ఇంకా పూత సరిగా మొదలవలేదా?" అని అడిగింది.

ఆమె వంగి ఒక తెగిన కాడ పట్టుకొని చూసింది. తర్వాత ఇంకొకటి. "ఎవరో కోసుకెళుతున్నారు," అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టని సామెత. నేను తడుముకోలేదు. తప్పు చేస్తున్నానని తెలిస్తే కదా తడుముకోవడానికి. తలెత్తి చూస్తే వీధి మొత్తం తన కాళ్ళు చూసుకుంటోంది. మంగలి, మరదలు, తమ్ముడు కూడా.

అప్పుడు గేటు అవతల కుర్చీలోంచి డ్రైవరు గారు లేచారు. ఎన్ని రోజులుగా దాచుకున్న మాటో, బస్సు దిగినట్టు నిదానంగా దిగింది.

"పెద్దమ్మగారూ, మీరు కడుపుతో ఉన్నవి అనుకొని వదిలేస్తున్నారే, వాటికి ఇంకా పెళ్ళే కాలేదండీ. పెళ్ళికొడుకులందరినీ మీరు తెల్లారకముందే బుట్టలో వేసుకెళుతున్నారు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పుప్పొడి అంతా ఆ ఉత్త పూలలోనే ఉంటుందట. ఈగ దాన్ని కాళ్ళకు పూసుకొని పిందె ఉన్న పువ్వు దగ్గరకు తీసుకెళ్ళాలట. తీసుకెళ్ళకపోతే పిందె రాలిపోతుందట. మేడం నాకు చెబుతుంటే అందరూ తలలు ఊపారు. అందరికీ తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదు అంటే మంగలి, "దేవుడికి పట్టుకెళుతున్నారు, మధ్యలో మేమెవరం?" అన్నాడు.

మేడం మంచినీళ్ళు అడిగితే ఇంటికి తీసుకొచ్చాను. వంటింట్లో గ్లాసు అందుకుంటూ ఆగిపోయింది. అలమర వైపు చూసింది. కిటికీలోంచి వచ్చి తేనెటీగలు పూల నిండా వాలి ఉన్నాయి. దేవుడి భుజం మీద ఒకటి. ఇన్నాళ్ళూ పూజ కాగానే నేను వెనక్కి చూడకుండా తోటకు పరుగెత్తేదాన్ని, వాటి కోసం ఎదురుచూడటానికి.

"మీ తోట ఇక్కడుందండీ," అంది ఆమె. భూతద్దం తీసి చాలాసేపు చూసింది. చెప్పులు కూడా విప్పింది, అది మాత్రం బాగుంది.

ఇప్పుడు నా సంగతి. పూజ మానను. ఎంగిలి పూలు పెట్టను. అమ్మ నాకు ఇచ్చిన నియమం అదొక్కటే. బజారులో కొందామంటే, వాటిని ఏ ఈగ ముట్టిందో ఎవరికి తెలుసు? కాబట్టి దేవుడికి ఇక నీళ్ళే. చేతులు ఊరుకోవు, అందుకని తోటలోకి వెళ్ళడమూ మానేస్తున్నాను. గేటు తాళం డ్రైవరు గారికి పంపించాను. నా వల్ల పోవాల్సింది పోయింది, ఇంకా పోనివ్వను. తమ్ముడు బతిమాలాడు. మరదలు ఏడ్చింది. మంచి పిల్ల.

నీకు కూడా తెలిసే ఉంటుంది. అడగను.

అక్క


జూలై 20

అక్కా,

కూర్చొని చదువు. దేవుడి అలమర వైపు కాదు. అమ్మ ఫోటోను కాసేపు గోడ వైపు తిప్పి ఆ తర్వాత చదువు.

గుమ్మడి పూల సంగతి నాకు తెలియదు. ఒట్టు. నేను ఫోన్ ఎత్తే మనిషిని, పువ్వుల కాపురాలు నాకేం తెలుసు. నీ మొదటి ఉత్తరంలో ఆ బుట్ట గురించి చదివి, అక్క అచ్చం అమ్మలా ఉంది అనుకున్నానే గానీ ఆ బుట్టలోనే ఈగల అన్నం ఉందని తట్టలేదు. కానీ ఇంకొకటి తెలుసు. అది నీకు చెప్పకూడదని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది.

పాత అద్దింట్లో మనకు పూల మొక్క ఉండేదా, గుర్తు తెచ్చుకో. వాకిట్లో ఒక క్రోటను, దానికీ సగం ఆకులు మేక తినేసింది. మరి అమ్మ పూజకు రోజూ అన్ని మందారాలు ఎక్కడివి?

గోడ అవతలివి అక్కా. అమ్మ నన్ను గోడ ఎక్కించేది. నేను చిన్నదాన్ని, తేలిక, పైగా అడిగింది చేసేదాన్ని. గౌను ఎత్తి పట్టుకుంటే ఆ గౌనులోకి కోసేదాన్ని. ఒకరోజు నువ్వు పరీక్షలకు చదువుకోవడానికి చీకటితోనే లేచి, పెరటి గుమ్మంలో నిలబడి, "ఇంత చీకట్లో ఎందుకమ్మా కోయడం?" అని అడిగావు. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఈగ ముట్టకముందు కోయాలే. ముట్టితే ఎంగిలి," అంది. నువ్వు తల ఊపి వెళ్ళి చదువుకున్నావు. నేను గోడ మీదే కూర్చొని ఉన్నాను, గౌను నిండా ఎంగిలి కాని పూలతో.

అమ్మ కోయించింది ఈగ లేవకముందని కాదు, పక్కింటావిడ లేవకముందని.

తర్వాత నన్ను దింపుతూ చెవిలో చెప్పింది: "అక్కకు చెప్పకు. దానికి తెలిస్తే పక్కింటికి వెళ్ళి తలుపు కొట్టి, క్షమాపణ చెప్పి, పూలు తిరిగిచ్చి వస్తుంది." ఇచ్చేదానివే కదా. అందుకే నువ్వు ఆవిడ గురించి 'పాపం అన్నాను' అని రాసినప్పుడు, డెస్కు దగ్గర కూర్చొని భుజాలు తడుముకున్నది నేను.

ఇప్పుడు చెప్పు. ఆ దేవుడు దొంగ పూలే తీసుకున్నాడు, ఏళ్ళ తరబడి, కిక్కురుమనకుండా. రోజూ ఆయనకు చెంచాడు తేనె పెడతావు, అది ఎవరి ఎంగిలి? సీసాలో పోసి చీటీ అంటిస్తే కడిగినట్టేనా?

నవ్వించాలనే రాస్తున్నాను. కానీ ఇది మాత్రం నవ్వుకు కాదు. నియమం అబద్ధం, నువ్వు దాన్ని పాటించడం అబద్ధం కాదు. అమ్మ ఒక సాకు చెప్పింది, నువ్వు దాన్ని ఇన్నేళ్ళు మోసి నియమం చేశావు. అమ్మ కంటే నీ దగ్గరే అది పూజ అయింది. దాన్ని పట్టుకొని తోటకు దూరంగా కూర్చుంటే, అమ్మ అక్కడ ఎంత సిగ్గుపడుతుందో ఆలోచించు. కొంచెం పడనీ, ఫరవాలేదు. మరీ ఎక్కువ వద్దు.

ఇక ఆఫీసు సంగతి. మేడం తోసిపుచ్చలేదు. నివేదికలో ఏం రాసిందో చెబుతాను విను: 'ఈ వీధిలో తేనెటీగలకు కొరత లేదు. ఆధ్యాత్మిక కారణాల వల్ల పూలు వాటికి అందడం లేదు.' పెద్దసారు దాని అర్థం ఏమిటని అందరినీ అడిగాడు. నేను ఆ సమయంలో చాలా శ్రద్ధగా టీ పోస్తున్నాను. ఆగస్టు ఐదున ఆమె మళ్ళీ వస్తుంది. పిందె నిలబడితే డబ్బు ఇస్తారు. నువ్వు గేటు లోపల ఉన్నావా, బయట ఉన్నావా అని ఆమె అడగదు. నేను అడుగుతాను.

గోడ ఎక్కిన నీ చిన్నది


ఆగస్టు 8

చిన్నదానికి, గోడ ఎక్కినదానికి, ఆశీస్సులు.

ఫోటో తిప్పలేదు. కానీ నాలుగు రోజులు అటు చూడలేదు. అమ్మకు అర్థమయ్యే ఉంటుంది.

ఉత్తరం ఎవరికీ చూపించలేదు. పొద్దున అలవాటు కొద్దీ లేచేదాన్ని. దేవుడికి నీళ్ళు పెట్టేదాన్ని. తర్వాత చేతులు ఏం చేయాలో తెలియక వంటింట్లో గిన్నెలన్నీ తోమేదాన్ని. కడిగినవే కడుగుతుంటే మరదలు భయపడింది. నాలుగో రోజు చాలించి తోటకు వెళ్ళాను. గేటు తీసే ఉంది. తాళం పంపిన రోజు నుంచీ డ్రైవరు గారు దాన్ని ఒక్కసారి కూడా వేయలేదట.

"మీరు మందు కొట్టలేదు," అన్నాను.

"తెలుసండీ," అన్నారు.

అంతే. పైపు ఆయన చేతిలోనే ఉంచి బకెట్టు మీద కూర్చున్నాను. బుట్ట తీసుకెళ్ళలేదు. గుమ్మడి పూలు విచ్చుకొని ఊరికే ఉన్నాయి, వాటిని అలా చూడటం నాకు అదే మొదటిసారి. ఎండ పడ్డాక ఒక తేనెటీగ వచ్చింది. ఉత్త పువ్వులోకి తలకిందులుగా దిగింది. బయటికొచ్చేసరికి పిండిమరలో పనివాడిలా ఒళ్ళంతా పొడి. దులుపుకోను కూడా దులుపుకోలేదు, పక్కన పిందె ఉన్న పువ్వులోకి వెళ్ళింది. నేను తల పక్కకు తిప్పుకున్నాను. డ్రైవరు గారు ఆ రోజు చెప్పినదంతా గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి పూలు ముడుచుకున్నాయి. వాటి పని అయిపోయింది.

ఐదున మేడం వచ్చి, నా పక్కన ఇంకో బకెట్టు వేసుకొని కూర్చుంది. రాసుకుంటూనే ఉంది. వెళ్ళేటప్పుడు, అలమర దగ్గర ఒకసారి చూడవచ్చా అని అడిగింది. అక్కడ ఏమీ లేదన్నాను. ఆమెకు కొంచెం నిరాశ. నిన్న మీ ఆఫీసు కబురు వచ్చింది. నీకు ముందే తెలిసి ఉంటుంది. కంచె, కనెక్షను, కౌలు, అన్నీ ఇస్తున్నారు. మంగలి వీధిలో వాళ్ళందరికీ ఉచితంగా గడ్డాలు గీస్తానన్నాడు. పళ్ళ డాక్టరు కూడా వచ్చి అభినందించాడు. ఆయనకు కారు అమ్మే ఉద్దేశం ఉందట.

ఇక నిన్న సాయంత్రం మన ఇంట్లో నిర్ణయించింది రాస్తున్నాను.

అందరం వంటింట్లో కూర్చున్నాం. డ్రైవరు గారిని కూడా పిలిచాను. నీ ఉత్తరం బయటికి చదివాను, గోడతో సహా, గౌనుతో సహా. తమ్ముడు ముందు అర్థం కాక చూశాడు. తర్వాత అర్థమై, నవ్వుతూ స్టూలు మీద నుంచి జారిపోయాడు. వాడు పరాచికం విప్పడం నేను ఇదే చూడటం. మరదలు లేచి వెళ్ళి అమ్మ ఫోటోకు దణ్ణం పెట్టి వచ్చింది. అత్తగారి మీద అంత గౌరవం ఇంతకు ముందు ఎప్పుడూ చూపలేదు.

మొదటి నిర్ణయం. పూజ ఇక సాయంత్రం. నేను ప్రెస్సు నుంచి వచ్చాక, ఈగలు పని చూసుకొని వెళ్ళాక, ముడుచుకున్న ఉత్త పూలు, రాలిన పూలు ఏరుకొస్తాను. వాడిన పూలు పెడితే దేవుడు ఏమనుకుంటాడో అని తమ్ముడు సందేహించాడు. పొద్దంతా పనిచేసి వాడినవి కదా, నేనూ అలాగే ఇంటికొస్తాను, నన్ను రానిస్తున్నాడు అన్నాను. నిన్ననే మొదలుపెట్టాను. ఎంగిలి పూలు పెట్టేటప్పుడు ఒక్కొక్కటీ రెండుసార్లు తిప్పి చూశాను. దేవుడు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు.

రెండో నిర్ణయం. తోటలో నిలబడిన మొదటి గుమ్మడికాయ పాత పక్కింటావిడకు వెళ్ళాలి. మందారాల బాకీ మందారాలతో తీరదు. కాయతో పాటు నిజం కూడా వెళ్ళాలి. ఆవిడ చచ్చేలోపు తెలిస్తే చాలంది కాబట్టి ఆలస్యం కూడదు.

ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర కాసేపు వాదన జరిగింది. నేనే వెళతానన్నాను. అందరూ వద్దన్నారు. నేను వెళితే నెమ్మదిగా చెబుతానని వాళ్ళ భయం. అప్పుడు డ్రైవరు గారు న్యాయం చెప్పారు. కోయించిన మనిషి లేదు, కోసిన మనిషి ఉంది కదా, అన్నారు. తమ్ముడు చెయ్యెత్తాడు. మరదలు చెయ్యెత్తింది. నేనూ ఎత్తాను. ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద నిలబడటం అమ్మ పోయాక ఇదే మొదటిసారి.

కాబట్టి సెలవు పెట్టి రా. కాయ ఇప్పుడు కొబ్బరికాయంత ఉంది. నువ్వు ఆలస్యం చేసేకొద్దీ బరువెక్కుతుంది.

అక్క